పన్నెండు పాయింటు ఏడు

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టాక ఆడవాళ్ల మొహాలు కనిపించవు. తలకు నీలం టోపీ, మూతికి మాస్కు, మెడ నుంచి మోకాళ్ల దాకా నీలం కోటు, కాళ్లకు రబ్బరు బూట్లు. ఇక మిగిలేవి కళ్లే. ఏళ్ల తరబడి ఒకే బెల్టు పక్కన నిలబడేవాళ్లు కనుక వాళ్లలో వాళ్లు నడకను బట్టి, దగ్గును బట్టి పోల్చుకుంటారు గానీ, బయటి నుంచి వచ్చిన మనిషికి అరవై రెండు మందీ ఒకటే. ఆ సోమవారం నాడు ఈ సంగతి వాళ్లకు భలే పనికొచ్చింది. పనికొచ్చిందనే అనుకున్నారు, పాపం.

ఆ రోజు ఫ్యాక్టరీలో ఆరోగ్య శిబిరం. తమ డబ్బాలు నింపే ఆడవాళ్లు ఆరోగ్యంగా ఉన్నారని గుజ్జు కొనే విదేశీ కంపెనీకి ఏటా ఒక కాగితం కావాలి. అందుకని సీజను మొదలైన రెండో వారంలో క్యాంటీను గోడకు పెద్ద బొమ్మ అంటిస్తారు. అందులో ఒకావిడ యాపిల్ పండు పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. ఆమె ముందు దానిమ్మకాయలు, ఖర్జూరాలు, గ్లాసెడు పాలు. ‘మీ ఆరోగ్యమే మా బలం’ అని కింద రాసి ఉంటుంది. ఆ బొమ్మ కింద కూర్చుని అందరూ ఇంటి నుంచి తెచ్చుకున్న సంగటీ ఊరిబిండి పచ్చడీ తిని, చెయ్యి కడుక్కుని మళ్లీ బెల్టు దగ్గరికి పోతారు.

బొమ్మతో పోతే బాధ లేదు. నర్సు వచ్చి వేలు పొడిచి రక్తం ఎంతుందో చూస్తుంది. ఎనిమిది కంటే తక్కువ వస్తే ‘విశ్రాంతి’ అని రాస్తారు. పోయినేడు ఏడుగురికి అలా రాశారు. చేతిలో ఎర్ర మాత్రల అట్ట పెట్టి, రక్తం పెరిగాక రమ్మని ఇంటికి పంపేశారు. సీజను గట్టిగా నలభై రోజులు. వాళ్ల రక్తం పెరిగే లోపల చెట్ల మీద కాయలు అయిపోయాయి.

మునిరత్నమ్మకు ఆ భయం లేదు. ఐరాల పక్క పల్లె ఆమెది. నలభై మూడేళ్ల వయసు, పెద్ద ఎముక. పోయినేడు ఆమె రక్తం పన్నెండున్నర అని తేలినప్పుడు మేనేజరు యోగానంద మైకులో చెప్పి, ఈమెను చూసి నేర్చుకోండమ్మా అన్నాడు. ఏం నేర్చుకోవాలో చెప్పలేదు. అప్పటి నుంచి అందరూ ఆమెను పన్నెండమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. పిలిచినప్పుడల్లా కసురుకునేది గానీ, లోపల ఆమెకు బాగానే ఉండేది. పొగడ్త ఎవరికి చేదు?

ఆ సోమవారం పొద్దున కంపెనీ వ్యానులో దేవకమ్మ ఆమె పక్కకు జరిగి కూర్చుంది. బెల్టు దగ్గర అందరికంటే పెద్దది, యాభై దాటిన మనిషి.

“మేయ్ పన్నెండమ్మా, నీకు పది వేళ్లుండాయి గదా. ఒగటి నాకియ్యి” అంది.

వ్యానంతా నవ్వింది. దేవకమ్మ మాత్రం నవ్వలేదు. మెళ్లో వేలాడే గుర్తింపు కార్డు తీసి మునిరత్నమ్మ ఒళ్లో పెట్టింది. దాని మీది ఫోటో ఎండకూ చెమటకూ ఎప్పుడో వెలిసిపోయింది.

“మాస్కు తియ్యమంటే ఏం జేసేది?” అంది మునిరత్నమ్మ.

“యాడ తియ్యమంటాది? అరవై మందిని పొద్దుగూకే లోపల పొడవల్ల ఆ నర్సమ్మ. మొగాలు సూసే తీరికుంటాదా?”

వ్యాను ఫ్యాక్టరీ గేటు చేరే లోపల ఇంకో రెండు కార్డులు వచ్చి పడ్డాయి. కాదనడానికి మునిరత్నమ్మకు నోరు రాలేదు. నిజం చెప్పాలంటే, కాదనాలని అనిపించనూ లేదు. తన ఒంట్లో ఉన్నది నలుగురికి పనికొస్తోందంటే ఆమెకు గర్వంగా ఉంది.

కృపామణి మాత్రం కార్డు ఇవ్వలేదు. కిటికీ పక్కన కూర్చుని, పిల్లలు రాసుకునే బలపం ముక్క నములుతూ ఉంది. ఇరవై ఆరేళ్ల పిల్ల. పెదాలకూ చెంపలకూ రంగులో తేడా లేకుండా పోయింది. బియ్యం, బలపం కనిపిస్తే నోట్లో వేసుకునే అలవాటు ఆమెకు ఈమధ్యే పట్టుకుంది.

“నీదేదిమే కార్డు?” అంది మునిరత్నమ్మ.

“నేను పోతానక్కా. నర్సమ్మను ఒగ మాట అడగల్ల.”

“ఏం మాట?”

కృపామణి గొంతు తగ్గించింది. “రెండో కాన్పు అయినకాడ్నుంచి ముట్టు నెలకు పదిదినాలు పోతా ఉండాదక్కా నాకు. నిలబడితే కండ్లు తిరగతా ఉండాయి. ఎందుకో ఏమో.”

“అడుగు, బాగా అడుగు. రేపట్నించి ఇంటికాడ కూసోని మాత్రలు మింగతా ఉందువు. సీజను అయిపోనీ, నేనే తోడొస్తా ఆసుపత్రికి. ఇప్పుడు గమ్మునుండు.”

అంటూనే చెయ్యి చాపి ఆమె మెళ్లో కార్డు తనే తీసేసింది. కృపామణి ఆ కార్డు తాడును వేలితో ఒక్క క్షణం పట్టుకుంది. తర్వాత వదిలేసింది.

క్యాంటీను వెనక గుడ్డ అడ్డం కట్టి బల్ల వేశారు. నర్సు ప్రశాంతికి ముప్పై లోపలే ఉంటాయి. తిరుపతి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే కాంట్రాక్టు ఉద్యోగి. కార్డు చూసి పేరు రాయడం, దూదితో వేలు తుడవడం, సూదితో పొడవడం, చుక్క రక్తాన్ని పుల్లకు అంటించి చిన్న మిషనులో పెట్టడం. తల ఎత్తకుండా చేసుకుపోతోంది. మునిరత్నమ్మ మొదట తన పేరు మీద చూపుడు వేలు ఇచ్చింది. తిరిగొచ్చి వరుస చివర నిలబడి, దేవకమ్మ పేరు మీద నడిమి వేలు ఇచ్చింది. ఆ తర్వాత ఉంగరం వేలు. నాలుగోసారి కూర్చుని కుడి చెయ్యి చాపితే, “ఈసారి ఎడమ చెయ్యి ఇవ్వమ్మా” అంది ప్రశాంతి, రాసుకుంటూనే. మునిరత్నమ్మ ఇచ్చింది. చివరగా కృపామణి పేరు మీద ఎడమ చేతి నడిమి వేలు. మిషను కుయ్యిమంది.

“కృపామణి, పన్నెండు పాయింటు ఏడు” అని ప్రశాంతి రిజిస్టరులో రాసి, ఆరోగ్య కార్డులోనూ నీలం సిరాతో ఎక్కించింది.

మధ్యాహ్నం నుంచి మళ్లీ బెల్టు. కడిగిన తోతాపురి కాయలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తుంటే, అందుకుని, తొడిమ దగ్గర చెక్కు కోసి, మచ్చ ఉంటే కత్తిమొనతో తవ్వి, ముందుకు వదలాలి. రబ్బరు తొడుగులు పూట తిరక్కముందే చిరిగిపోతాయి. పొడిపించుకున్న ఐదు వేళ్లకూ పుల్లటి రసం తగిలి చురచుర మండింది. ఎదురుగా నిలబడిన దేవకమ్మ కళ్లతోనే దండం పెట్టింది. మునిరత్నమ్మ మంటను పళ్ల బిగువున ఓర్చుకుని, ఇదేముంది అన్నట్టు తల ఊపింది.

*

బుధవారం పదకొండు గంటలకు కృపామణి పడిపోయింది. చేతిలో కాయ, కత్తి అలాగే ఉన్నాయి. మోకాళ్లు ముందు మడుచుకున్నాయి, తర్వాత తల వెళ్లి బెల్టు ఇనుప అంచుకు తగిలింది. కత్తి ఎవరికీ తగలకపోవడం అదృష్టం. మునిరత్నమ్మ ఆమె మాస్కు లాగేసి మొహం మీద నీళ్లు కొట్టింది. మాస్కు కింద మొహం గోడకు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

యోగానంద తన కారులోనే ఎక్కించుకుని, మెయిన్ రోడ్డు మీది ఒక క్లినిక్కుకు తీసుకుపోయాడు. చెడ్డవాడేం కాదు. తోడుకు మునిరత్నమ్మను రమ్మన్నాడు, కృపామణి ఆరోగ్య కార్డు కూడా మరవకుండా తెచ్చాడు. డాక్టరు కృపామణి కింది కనురెప్ప లాగి చూశాడు. గోళ్లు చూశాడు.

“రక్తం తక్కువున్నట్టుందే” అన్నాడు.

“లేదు సార్, మొన్ననే టెస్టు చేయించాం” అంటూ యోగానంద కార్డు అందించాడు.

డాక్టరు దాన్ని చూసి, మళ్లీ కనురెప్ప వైపు చూసి, మళ్లీ కార్డు చూశాడు. “పన్నెండు పాయింటు ఏడా? అయితే రక్తానికేం ఢోకా లేదు. ఎండ తగిలింది. ఒక గ్లూకోజు ఎక్కిద్దాం” అన్నాడు.

ఆ కార్డు లేకపోయి ఉంటే ఆయన తన కళ్లను నమ్మేవాడు. మునిరత్నమ్మ గోడ పక్కన నిలబడి ఇదంతా విన్నది. మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎదురుగా మేనేజరు ఉన్నాడు. నోరు విప్పితే తనొక్కతే కాదు, దేవకమ్మ పోతుంది, ఇంకో ఇద్దరు పోతారు, ఈ పిల్ల కూడా పోతుంది. భయం వేసింది. అంతకు మించి సిగ్గు వేసింది. ఐదు వేళ్లనూ కొంగులో దాచుకుని, గ్లూకోజు చుక్కలు లెక్కపెడుతూ మాట్లాడకుండా నిలబడింది.

ఆ రాత్రి ఆమెకు నిద్ర లేదు. గురువారం తెల్లారగానే వ్యానుకు పోకుండా కృపామణి ఇంటికి నడిచింది. చర్చి క్యాలెండరు తగిలించిన మేకుకే ఆరోగ్య కార్డూ వేలాడుతోంది. కృపామణి చాప మీద పడుకుని ఉంది. కాళ్లు ఉబ్బాయి. పడుకున్న మనిషి కొండెక్కినట్టు రొప్పుతోంది. అత్త పొయ్యి దగ్గర నుంచే అందుకుంది.

“రా మునిరత్నా, నువ్వన్నా సెప్పు దీనికి. పన్నెండు పాయింటు ఏడంట రక్తం. నా కొడుక్కే పదకొండుండాది. అంత రక్తం పెట్టుకోని పనికి పోకుండా నాటకాలు ఆడతా ఉండాది. నీళ్లబిందె గూడా ఎత్తలేదంట!”

కృపామణి కళ్లు మూసుకుంది. రాత్రంతా ఇదే పాట విని ఉంటుంది.

“పెద్దమ్మా, ఆ పన్నెండు దానిది కాదు” అంది మునిరత్నమ్మ.

“మరెవురిది?”

“నాది.”

ముసలామెకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక మునిరత్నమ్మకు లేదు. కార్డు మేకు మీంచి లాగి, ఆటో పిలిచి, కృపామణిని ఒళ్లో పడుకోబెట్టుకుని చిత్తూరు పెద్దాసుపత్రికి బయల్దేరింది.

అక్కడ రక్తం నరంలోంచి తీశారు. గంటకు చీటీ వచ్చింది. నాలుగు పాయింటు తొమ్మిది. డాక్టరమ్మ ఆ చీటీనీ ఫ్యాక్టరీ కార్డునూ పక్కపక్కన పెట్టుకుని, “మూడు రోజుల్లో మనిషి రక్తం ఇంత ఎలా పడిపోతుంది? ఇది ఎవరిది?” అని అడిగింది.

“పేరు ఆమెది, రక్తం నాది మేడం” అంది మునిరత్నమ్మ.

డాక్టరమ్మ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఇంకో రెండు రోజులు నిలబెట్టి పని చేయించి ఉంటే గుండె ఆగిపోయేదని మాత్రం చెప్పి, పడక చూపించింది. రక్తం ఎక్కించాలన్నారు. నాది తీసుకోండని మునిరత్నమ్మ చెయ్యి చాపింది. గ్రూపు కలవలేదు. ఆసుపత్రిలో ఉన్న రక్తమే ఎక్కించారు. కాగితం మీద నలుగురికి సరిపోయిన రక్తం ఒక్క మనిషికి నిజంగా కావలసి వచ్చినప్పుడు ఎందుకూ కొరగాలేదని ఆమెకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నానికి కృపామణి కళ్లు తెరిచింది. మునిరత్నమ్మ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. కృపామణి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“నేను పోతానంటిని” అంది మెల్లగా. “అడగల్ల అంటిని. నువ్వు కార్డు పీక్కుంటివి.”

“నీ మంచికే అనుకుంటి మే...”

“నా వేలు నాకుండె గదా.”

ఆ తర్వాత గోడ వైపు తిరిగిపోయింది. మునిరత్నమ్మ సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది.

*

శుక్రవారం టీ టైములో మునిరత్నమ్మ ప్రశాంతి గదికి వెళ్లింది. మాస్కు తీసి, రెండు చేతులూ బల్ల మీద పరిచింది. వేళ్ల మీద చిన్న నల్లటి చుక్కలు ఇంకా ఆనవాలుగా ఉన్నాయి.

“సోమవారం నీకాడికి ఐదుసార్లు వస్తిని నర్సమ్మా.”

ప్రశాంతి ఆ చేతుల వైపు చూడలేదు. “నాకు తెలుసక్కా. మూడోసారికే గుర్తుపట్టినాను. నీ చూపుడు వేలికి పాత కత్తి గాటుండాది. అదే చెయ్యి మళ్లా మళ్లా వస్తా ఉంటే తెలీదా? అందుకే ఎడమ చెయ్యి ఇమ్మంటిని. ఒకే చేతికి అన్ని పోట్లంటే నొప్పి గదా అని.”

మునిరత్నమ్మ బల్ల మీది చేతులు వెనక్కి తీసుకుంది. “తెలిసి గమ్మునుంటివా?”

“పోయినేడు ఆ ఏడుగురి పేర్లు రాసింది నేనే. సీజను తర్వాత అందులో ఒకామె బస్టాండులో కనపడి, నువ్వు నా రక్తం చూసినావా, నా కూడు తీసినావా అనడిగింది. ఈసారి నువ్వు వస్తా ఉంటే నాకు బరువు దిగినట్టే ఉండె. ఇంతమందిని ఇంటికి పంపే పని తప్పిందిలే అనుకుంటి.” ప్రశాంతి పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉంది. “కృపామణికి ఎంత ఉండాది?”

“నాలుగు పాయింటు తొమ్మిది.”

పెన్ను ఆగిపోయింది. ఇద్దరూ మంచికే చేశారు. ఇద్దరి మంచీ కలిసి ఆ పిల్లను పాడె దాకా తీసుకుపోయింది. ప్రశాంతి, “రేపు టీ టైములో రమ్మను అందర్నీ. ఎవురి వేలు వాళ్లది. నిజం రాస్తా. నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా” అంది.

తిరుగు వ్యానులో మునిరత్నమ్మ ఈ మాట చెప్పగానే రచ్చయింది. నీకేం, పన్నెండుండాది, నువ్వు సెప్తావు అన్నారు. కార్డులు నువ్వే తీసుకుంటివి, ఇప్పుడు నువ్వే పట్టిస్తావా అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు కనుక ఆమె తల వంచుకుని వింది.

ఫ్యాక్టరీ గేటు బయట రోడ్డు పొడవునా కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. దేవకమ్మ ఇంతసేపూ మాట్లాడకుండా కిటికీలోంచి వాటినే చూస్తోంది. అందులో ఆమె తమ్ముడి ట్రాక్టరూ ఉంది. దించుకునే వంతు రాక మూడు దినాలైంది.

“ఊరుకోండి మే” అంది దేవకమ్మ. “పోయినేడు ఏడుగురే ఎందుకు దొరికినారు? మిగిలినోళ్లం ఆ దినం జొరమని ఇంటికాడ ఉండిపోతిమి. ఈసారీ సోమవారం శానామంది అట్లే రాలేదు. ఏడుగుర్ని పంపినా బెల్టు తిరిగింది. ఇప్పుడు మనందరిదీ నిజం బయటపడితే ఎంతమందిని పంపుతాడు? కాయలు పండిపోయి కారతా ఉండాయి. సుట్టూ ఉండే ఫ్యాక్టరీలన్నీ మనుసులకోసం ఎతకతా ఉండాయి. యాడ్నించి తెస్తాడు కొత్తోళ్లను?”

వ్యాను ట్రాక్టర్ల వరుస దాటి పోయే దాకా అందరూ కిటికీల్లోంచి వాటినే చూశారు.

*

శనివారం టీ గంట కొట్టగానే దేవకమ్మ ముందు నడిచింది. ప్రశాంతి గది వాకిట్లో నిలబడి మాస్కు కిందికి లాగింది. వెనక ఒకరి తర్వాత ఒకరు వచ్చి నిలబడి మాస్కులు లాగారు. ప్రశాంతి పేరు అడిగి, మొహం చూసి, వేలు పొడిచి, వచ్చిన అంకె పైకి చదివి రాసింది. ఆరున్నర. తొమ్మిది. ఏడు పాయింటు రెండు. పది. ఏడు. నవ్వుతూ వచ్చిన పిల్లలు అంకె విని నవ్వు ఆపేశారు. టీ టైము అయిపోయింది. బెల్టు ఖాళీగా తిరుగుతోంది.

మునిరత్నమ్మ వంతు వచ్చినప్పుడు ప్రశాంతి, “నీది నాకు తెలుసులే అక్కా, నువ్వు పక్కకుండు” అంది. అదొక్కటే ఆ రోజు నలుగురు నవ్విన మాట.

యోగానంద పరుగున వచ్చాడు. “ఎవరు చెప్పారు మళ్లీ టెస్టు చెయ్యమని?”

ప్రశాంతి లేచి నిలబడి రిజిస్టరు అతని ముందుకు తోసింది. “మొన్న కొన్ని తప్పు పడినాయి సార్. ఆ తప్పుతోనే కృపామణి ఇప్పుడు చిత్తూరులో ఉండాది. ఇవి నిజమైనవి. ఎనిమిది లోపల పందొమ్మిది మంది. రూలు ప్రకారం వీళ్లందర్నీ ఈ పూటే ఇంటికి పంపల్ల. రాసేదా?”

యోగానంద పేజీ చూశాడు. తర్వాత మొహాలు చూశాడు. ఆ మొహాల్లో సగం అతను ఇంతవరకూ చూసి ఉండడు. బయట ట్రాక్టరు వాడెవడో హారన్ కొట్టాడు. అతను వరండాలోకి వెళ్లి ఫోనులో ఎవరితోనో పది నిమిషాలు మాట్లాడాడు. వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు.

“ప్రస్తుతానికి ఎవరూ పోనక్కర్లేదు. మాత్రలు ఇక్కడే ఇస్తాం. పోయి పని చూడండి.”

“నిలబడి సెయ్యలేం సార్” అంది దేవకమ్మ.

“కూర్చుని చెయ్యండి!” అన్నాడు విసుగ్గా.

క్యాంటీను నుంచి పందొమ్మిది ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. బెల్టు పక్కన కుర్చీ పడటం అదే మొదలు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వరుసగా పడిన ఆ కుర్చీలు చూస్తే ఎంతమంది ఒంట్లో ఏమీ లేకుండా ఇన్నాళ్లూ నిలబడ్డారో ఒకేసారి తెలిసిపోయింది. ఆ సంతోషం ఎవరి నోటికీ రాలేదు.

అయినా మునిరత్నమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు. సాయంత్రం వ్యాను ఎక్కకుండా అటే చిత్తూరు పోయింది. కృపామణి దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదాలకు మనిషి రంగు కాస్త తిరిగొచ్చింది. మునిరత్నమ్మ మంచం అంచున కూర్చుని, పొద్దున నుంచి జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

“పందొమ్మిది మంది మే! ఒగర్ని గూడా పంపలేదు. కుర్చీలేసినారు.”

కృపామణి చివరి దాకా విన్నది.

“రిజిస్టరులో నా పేరు కాడ ఏముండాది?” అంది.

ఇంతమందిని తిరిగి రాయించిన మనిషికి, అక్కడ లేని మనిషి అంకె తిరిగి రాయించాలని తట్టలేదు.

“పన్నెండు పాయింటు ఏడు” అంది మునిరత్నమ్మ.

“నేను మొన్న సచ్చింటే, పన్నెండు పాయింటు ఏడుండె, మేం బాగానే సూసుకుంటిమి, అదే సచ్చిపోయిందని సెప్పుందురు. మా అత్త గూడా అదే సెప్పుండును.” కృపామణి గొంతు పెంచలేదు. దిండు కింద నుంచి ఆసుపత్రి చీటీ తీసి మునిరత్నమ్మ చేతిలో పెట్టింది. “అది కొట్టేయించు. ఇది రాయించు.”

“సోమవారం పోతానే...”

“సీజన్లో ఆదివారం గూడా వ్యాను వస్తాది గదక్కా.”

ఇన్ని రోజుల తర్వాత ఆ నోట అక్కా అన్న మాట విని మునిరత్నమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కృపామణి మాత్రం చీటీ వైపే చూస్తోంది. మునిరత్నమ్మ దాన్ని మడత పడకుండా సంచిలో పెట్టుకుంది.

“వస్తాది” అంది. “రేపే రాయిస్తా.”